ఆలంపురమా? నాగార్జునకొండయా?

సంవత్సరమున మూడు మారులు మన పాఠశాలలకు సెలవులు వచ్చుచున్నవి: దసరాకు, సంక్రాంతికి, వేసవికి. ఆ సెలవులు పిల్లలకును ఉపాధ్యాయులకును చెందినవేగాని గృహిణులకు చెందునని ఏ ఉత్తరువునందును వ్రాయబడి యుండలేదు. పిల్లలు ఇంట నున్న దినములలో పొయ్యి మఱింత పొద్దు మండుచుండును. కావున ఏడాదికొక్కమారైనను రెండు దినములు ఇల్లు విడిచి ఒక క్రొత్త తావును చూచివచ్చుట స్త్రీలకు విలాసము గాదు, అవసరమే యని మా యభిప్రాయము. పోవలయునని నిశ్చయించుకొనుట సులభము. ఎక్కడికి పోవలయునో తేల్చుకొనుటయే కష్టము. ఆ కష్టమును మేము ఇటీవల పడితిమి గనుక, తోడి సోదరీమణులకు ఉపకరించునేమో యని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఈ చిక్కు ధనవంతులకును తప్పినది గాదు. మా హుజూర్‌నగర్ వంటి చిన్న పట్టణమునుండియు నేడు పిల్లలు సీమలకు పోయి కొలువులు చేయుచున్నారు. మేమెఱిగిన యొక యింటి కుమారుడు తల్లిదండ్రులను ఐరోపా ఖండమునకు పిలిపించుకొనుచు, ఇటలీ చూపవలయునా, స్విట్జర్లాండు చూపవలయునా యని నెలదినములు ఆలోచించెనట. ఇటలీలో రోమకుల నాటి పురాతన కట్టడములు. స్విట్జర్లాండులో మంచుకొండలు, తేట సరస్సులు. తండ్రి మనసు ఒకదానిపై, తల్లి మనసు రెండవదానిపై. ఉన్న దినములు పది. రెండింటికిని పరుగెత్తినచో ఏదియు కన్నులార చూచినట్లు కాదు. ఆ మాట విని మా వాడకట్టు స్త్రీలు కలవారి కష్టములని నవ్విరి. మాకు మాత్రము నవ్వు రాలేదు. దూరములును ధనమును వేఱుగాని ప్రశ్న యొక్కటియే. సంక్రాంతి సెలవులకు మా యింటను అదే ప్రశ్న పుట్టియుండెను: ఆలంపురమునకు పోవలయునా, నాగార్జునకొండకు పోవలయునా?

మా యింట ఐదుగురము. మావారు పాఠశాలలో ఉపాధ్యాయులు. అత్తగారికి అరువది నాలుగేండ్లు. మోకాళ్ళ నొప్పి గలదు. అమ్మాయికి పండ్రెండేండ్లు, అబ్బాయికి ఎనిమిది. ప్రయాణపు ఖర్చు మునుపటివలె భయపెట్టునది గాదు. 2023 డిసెంబరు 9వ తేదీనుండి తెలంగాణ రాష్ట్రమున పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము ఏర్పడినది. ఆధార్ కార్డు చూపినచో కండక్టరు సున్న రూపాయల టికెట్టు ఇచ్చును. మేము పోదలచిన రెండు తావులకును తెలంగాణ బస్సులలోనే చేరవచ్చును గనుక ఐదుగురిలో ముగ్గురికి బస్సు ఖర్చు లేదు. ఇదివఱకు చేతి డబ్బు చాలనప్పుడు మొదట తగ్గించునది ఆడువారి టికెట్టే. ఇంటికి కావలి యని పేరు పెట్టి అత్తనో కోడలినో నిలిపివేయుట వాడుక. నేడా సాకు పోయినది. టికెట్టు పోవుటతోడనే, ఎక్కడికి పోవలయునను ఆలోచనలో ఆడువారి మాటకును కొంత బరువు వచ్చినదని మా యనుభవము.

ఇక దారుల సంగతి. హుజూర్‌నగర్ 2016 వఱకు నల్లగొండ జిల్లాలో నుండి, పిమ్మట సూర్యాపేట జిల్లాలో చేరినది. ఇక్కడినుండి మిర్యాలగూడ, హాలియాల మీదుగా నాగార్జునసాగరమునకు పోవుట ఒక పూట పని. అక్కడ లాంచీ యెక్కి నీటిమీద కొండకు చేరవలెను. ఆలంపురమన్ననో, జోగులాంబ గద్వాల జిల్లాలో, అనగా పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో, తుంగభద్ర యొడ్డున నున్నది. మేము హైదరాబాదు పోయి, అక్కడ కర్నూలు రహదారి పట్టి, ఆలంపురము చౌరస్తాలో దిగి లోనికి పోవలెను. పోవుట కొక దినము, చూచుట కొక దినము, వచ్చుట కొక దినము. సంక్రాంతి సెలవులు కొలది దినములే. అందులో భోగి, సంక్రాంతి, కనుమ ఇంట గడుపవలసినవే. మావారు కాగితము తీసి రెండు గళ్ళు గీసి, ఎడమవైపున కొండయనియు కుడివైపున ఆలంపురమనియు వ్రాసి, దినములు, ఖర్చులు, నడకలు వరుసగా నింపిరి. ఆ లెక్కలో కొండయే నెగ్గినది. కాని యింటి సంగతులు గళ్ళలో నిముడునవి గావు.

ముందుగా ఆలంపురమును గూర్చి చెప్పుదము. వివాహమైన తొలినాళ్ళలో మేమొకమారు ఒక్క పూట చూచియుంటిమి. పెద్దలు దానిని శ్రీశైలమునకు పడమటి ద్వారమందురు. బాదామి చాళుక్యులు క్రీస్తుశకము ఏడవ, ఎనిమిదవ శతాబ్దులలో కట్టించిన తొమ్మిది గుడులు అక్కడ గలవు. తారకబ్రహ్మ, స్వర్గబ్రహ్మ, పద్మబ్రహ్మ, బాలబ్రహ్మ, విశ్వబ్రహ్మ, గరుడబ్రహ్మ, కుమారబ్రహ్మ, అర్కబ్రహ్మ, వీరబ్రహ్మ యని వాని పేర్లు. పేరు బ్రహ్మదైనను గుడులు శివునివి. వానిలో పెక్కింటి శిఖరములు మన వైపు గోపురములవలె నుండక, ఉత్తరదేశపు దేవళముల రీతిని పైకి సన్నగిలి, నెత్తిన పెద్ద ఉసిరికకాయను పెట్టినట్లుండును. శిల్పులు దానిని ఆమలకమనియే యందురు. మన వంటింటి కాయ గుడి తలపై నెక్కి కూర్చుండుట చూచి మేము సంతోషించితిమి. ఆ యూరి గుడుల చరిత్రను శాసనములను వెలికి దెచ్చుటకు జీవితమంతయు పాటుపడిన పండితులు గడియారం రామకృష్ణశర్మగారు (1919–2006). వారి ఆత్మకథ ‘శతపత్రము’నకు 2007లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది.

ఆలంపురమునకు ప్రాణము జోగులాంబ. అష్టాదశ శక్తిపీఠములలో నొకటిగా ఆమెను దేశమంతయు కొలుచుచున్నది. పదునాలుగవ శతాబ్దమున ఆమె గుడి కూలిపోగా, మూర్తిని బాలబ్రహ్మేశ్వరుని యాలయమున నుంచి ఆరువందల యేండ్లు పూజించిరి. 2005లో పాత తావుననే క్రొత్త గుడి కట్టి అమ్మవారిని అందు నిలిపిరి. ఇల్లు పోయిన తల్లి యొరుల యింట ఆరువందల యేండ్లు గడిపి మరల తన యింటికి చేరినదన్నమాట. ఈ కథను మాకు మొదట చెప్పినవారు మా అత్తగారు. ఆ కథ యందు ఆమెకు గల మక్కువకు కారణమును చెప్పవలెను.

మా అత్తగారి పుట్టినయూరు కృష్ణా తుంగభద్రలు గలియు తావునకు చేరువనుండిన యొక చిన్న పల్లె. శ్రీశైలపు జలాశయములో మునిగిన అనేక గ్రామములలో నది యొకటి. 1981లో ఆ పల్లెలను ఖాళీ చేయించిరి. కూడలియందలి కూడవెల్లి సంగమేశ్వరుని గుడిని మాత్రము ఱాతి కొక గుర్తు వేసి విప్పి, ఆలంపురమునకు దెచ్చి, మరల యథాతథముగ నిలిపిరి. ఆలంపురము మునుగకుండ నదివైపున పెద్ద గోడ కట్టిరి. ఆ గోడయు 2009 అక్టోబరు వరదను ఆపజాలలేదు. దేవుని గుడిని తరలింపగలరు గాని, మట్టిగోడల యింటిని, వాకిటి వేపచెట్టును, బావిగట్టును ఎవరు తరలింతురు? ఆమె తోబుట్టువులు పరిహారపు డబ్బుతో నలుదిక్కులకు చెదరిపోయిరి. మావారు 1982లో పుట్టిరి. తొలిచూలు పురుడు పుట్టింట జరుగుట మన యాచారము గదా. అప్పటికి ఆ యిల్లు నీటిక్రింద నున్నది. పురుడు ఇక్కడనే, అత్తవారింటనే జరిగినది. ఏటేట బతుకమ్మ పండుగకు మా వీథి ఆడుపడుచు లందఱు పుట్టిండ్లకు పోవుచుందురు. మా అత్తగారు వారిని సాగనంపి వచ్చి వాకిలి మూయుదురు. 2020లో తుంగభద్రా పుష్కరములకైనను తీసికొనిపోవలెనని మేము తలచితిమి. కరోనా మహమ్మారి వలన ఆ తలపు సాగలేదు. ఇట్లు ఆమెకు ఆలంపురమనగా క్షేత్రము మాత్రమే కాదు, పుట్టింటికి మిగిలిన యొడ్డు.

మా మనసు మాత్రము నాగార్జునకొండపై నుండెను. చిన్ననాట తాతగారి యొద్ద భారతము చదువుకొన్నప్పుడు, అరణ్యపర్వమున రోమశమహర్షి ధర్మరాజును తీర్థములకు గొనిపోవుచు ఒక్కొక్క తావున నొక్కొక్క కథ చెప్పుట మాకు మిక్కిలి రుచించెడిది. నీరు అన్నిచోట్ల నీరే. కథ తెలిసినప్పుడే యది తీర్థమగునని తాతగారు చెప్పెడివారు. నాగార్జునకొండ కథలో స్త్రీల పాలు ఎక్కువయని విని, ఆ ఱాళ్ళను కన్నులార చూడవలెనని మా కోరిక.

క్రీస్తుశకము మూడవ శతాబ్దమున అక్కడి లోయలో విజయపురి యను నగరముండెను. ఇక్ష్వాకు రాజులు దానినుండి యేలిరి. చుట్టు కొండలు, ఒకవైపు కృష్ణ. రాజ్యముపోయిన తరువాత నగరమును అడవి కప్పినది. ఆ లోయలోని ఱాతిస్తంభములను మొదట గమనించి ప్రభుత్వమునకు తెలిపినది ఒక బడిపంతులని చెప్పుదురు. 1926లో పురాతత్త్వశాఖలోని రంగస్వామి సరస్వతిగారు వచ్చి చూచి శాసనములను గుర్తించిరి. 1927 మొదలు 1931 వఱకు లాంగ్‌హర్స్ట్ దొర త్రవ్వించెను. మహాచైత్యమను పెద్ద స్తూపమున బంగారు భరిణెలో నుంచిన చిన్న యస్థిఖండము దొరికినది. ఆ స్తూపపు అడ్డుకొలత 106 అడుగులు. లోపల ఇటుకగోడలు బండిచక్రపు ఆకులవలె పేర్చబడియుండెను.

ఆ మహాచైత్యమును కట్టించినది రాజు గాదు. చాంతిసిరి యను స్త్రీ. ఆమె వాసిష్ఠీపుత్ర చాంతమూల మహారాజునకు చెల్లెలు. ఆయన కుమారుడైన వీరపురుషదత్తునకు మేనత్తయు, పిల్లనిచ్చిన అత్తయు. అన్నగారు అశ్వమేధము, వాజపేయము చేసిన వైదికుడు. చెల్లెలు బౌద్ధభిక్షువులకు స్తూపము గట్టించిన యుపాసకురాలు. ఒక యింట రెండు మతములుండియు నెవరి పుణ్యము వారు చేసికొనిరి. చాంతమూలుడు గతించిన పిమ్మట ఆయన జ్ఞాపకార్థము స్తంభము నిలిపినవారిలో తల్లులు, అక్కచెల్లెండ్రు, రాణులు గలరు. రుద్రధర భట్టారిక యను రాణి ఉజ్జయినినుండి మెట్టినింటికి వచ్చినది. ఆమె పేరును మహాచైత్యపు దాతలలో గలదు.

ఇంకను మాకు ప్రియమైనది బోధిసిరి. ఆమె రాణి గాదు, రాచకూతురు గాదు. బంధువులలో నొకరు కోశాధికారి యని మాత్రము తెలియుచున్నది. సింహళదేశపు భిక్షువులకు చైత్యగృహము గట్టించి, మఱి కొన్ని యూళ్ళలో మండపములు, ఒక చెఱువు మొదలగునవి చేయించి, వాని పట్టికను ఱాతిపై వ్రాయించినది. ఆ భిక్షువులు ధర్మము బోధించిన దేశముల పేర్లందు కాశ్మీరము, గాంధారము, చీన, వంగము, యవనదేశమును గలవు. ఇంతకన్న మాకు ముచ్చటయైనది, తన పుణ్యములో భాగముగా ఆమె మెట్టినింటివారిని, పుట్టింటివారిని ఇరువురిని పేరుపేరున పేర్కొనుట. పదునేడు వందల యేండ్ల క్రింద నొక గృహిణి తాత, అవ్వ, తల్లి, అన్నదమ్ములు అని ఱాతిపై వ్రాయించుకొన్నది. ఈ శాసనములను ఎపిగ్రాఫియా ఇండికా యను గ్రంథమాలలో వోగెల్ పండితుడు ప్రకటించెను. అవి ప్రాకృతభాషలో బ్రాహ్మీలిపి యందుండును.

ఐరోపాకు పోనివారికిని ఆ లోయలో ఐరోపా వాసన కొంత తగులును. రోము చక్రవర్తుల బంగారు నాణెములు అక్కడ దొరికినవి. మెట్లుమెట్లుగా చుట్టును కూర్చుండి చూచుటకు కట్టిన క్రీడారంగము రోమకుల రంగస్థలములను తలపునకు దెచ్చును. మా పొరుగింటివారు ఇటలీలో చూడబోవు వస్తువునకు చిన్న చెల్లెలు మన కృష్ణయొడ్డున నున్నదన్నమాట.

ఆ నగరమును నీట విడిచినదియు మన కాలమే. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు సాగరము ఆనకట్టకు శంకుస్థాపన చేసిరి. నీరు రాకమునుపే 1954 నుండి 1960 వఱకు లోయ నంతటిని త్రవ్వి, దొరికినవానిని కొండపైకి చేర్చి, కొన్ని కట్టడములను అక్కడ మరల నిలిపి, కొన్నిటికి చిన్న నమూనాలు చేయించిరి. క్రీడారంగమును కుడిగట్టున అనుపు అను చోట తిరిగి కట్టిరి. నీరు నిండగా కొండ ద్వీపమైనది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధిగారు కాలువలకు నీరు విడిచిరి.

ఇట్లు రెండు తావులును రెండు చేతులు పట్టి లాగుచుండగా, ఇంట ఎవరును నోరు తెఱచి కాదనలేదు. అదియే చిక్కు. అత్తగారు తమ కోరికను చెప్పనే చెప్పరు. మేము మా కోరికను చెప్పుటకు మొగమాటపడితిమి. మావారు ఇద్దఱి మొగములు చూచి గళ్ళకాగితమును మడిచి జేబులో పెట్టుకొనిరి. పెద్దల కోరిక వాయిదా వేయదగినది కాదు. మోకాళ్ళు ఏటేట మఱింత మొరాయించును. కావున ఈ మారు ఆలంపురమే యని మేము చెప్పితిమి. అప్పుడు అత్తగారు సకినాల పిండి కలుపుచు తలయెత్తకుండ ఇట్లనిరి:

“నిండిన నీళ్లల్ల నా ఊరేడ కనవడ్తది బిడ్డా? ఎండకాలం నీళ్లు గుంజినంక పోదాం. గప్పుడైతే బావిగడ్డ తేలుతదంటరు. ఇప్పుడు నువ్వన్న కొండకే పోదాం.”

మేమా మాట విని కొంతసేపు నోరు విప్పజాలకపోతిమి. గళ్ళకాగితములో లేని లెక్కను ఆమె యొక్కమాటలో చెప్పిరి. ఏ తావునకు పోవలయునని మేము తర్కించితిమేగాని, ఏ తావునకు ఎప్పుడు పోవలయునని యెవరమును అడుగలేదు. సాగరము పూర్తి మట్టము 590 అడుగులు, శ్రీశైలము పూర్తి మట్టము 885 అడుగులు అని వానకాలమున పత్రికలలో నిత్యము చదువుచుందుము. వరదలు వచ్చి జలాశయములు నిండిన పిదప చలికాలమున కొండకు లాంచీ ప్రయాణము సుఖము. వేసవిలో శ్రీశైలపు నీరు వెనుకకు జరుగగా మునిగిన పొలములు, గోడల మొదళ్ళు బయటపడును. కర్నూలు వైపున సంగమేశ్వరమను గుడి ఏటేట వేసవిలో నీటినుండి తేలుటయు, అర్చకులు పోయి పూజించుటయు అందఱెఱిగినదే. పుట్టిల్లు చూడదలచినవారికి అదియే కాలము. పంచాంగమున తిథివార నక్షత్రములు చూచి ప్రయాణము పెట్టుకొందుము. నీటికిని ఒక పంచాంగము గలదని మేమానాడు నేర్చితిమి.

కనుమ మఱునాడు తెల్లవాఱుజామున బయలుదేరితిమి. డబ్బానిండ సకినాలు, అరిసెలు, పులిహోర, పెరుగన్నము వెంట నుండెను. మిర్యాలగూడలో బస్సు మారి, తొమ్మిది గంటలు దాటునప్పటికి సాగరము చేరితిమి. లాంచీలో పిల్లలు అంచున నిలువ నుత్సహించిరి. అత్తగారు కిటికీ చెంత కూర్చుండి నీటినే చూచుచుండిరి. ఈ నీటిక్రింద ఎవరి యూళ్ళున్నవని లాంచీవానిని అడిగిరి. లోయలో పుల్లారెడ్డిగూడెమను ఊరుండెనని అతడు చెప్పెను. ఆమె కొంగుముడిలోనుండి మా వాకిటి పండుగ తోరణపు బంతిపూలు రెండు తీసి నీటిలో విడిచిరి. “ఎవల పుట్టిల్లో” అని మాత్రమనిరి. మా అమ్మాయి అవ్వ చేయి పట్టుకొన్నది.

కొండపై మ్యూజియమును బౌద్ధవిహారపు తీరున గట్టిరి. రేవునుండి కొంత నడక. చెట్ల నీడ గలదు గనుక అత్తగారు రెండుమార్లు కూర్చుండి లేచి మెల్లగ వచ్చిరి. స్తంభములపై వరుసలుగా నున్న యక్షరములను మాకు చదువరాదు. కాని ఆ గీతలలో చాంతిసిరి, బోధిసిరి యను పేర్లున్నవను తెలివి చాలును. ఱాయి మాటాడుచున్నట్లే యుండెను. శిల్పములలో ఒడ్డాణములు, కాలి అందెలు, తల దువ్వుకొన్న తీరులు చూచి అమ్మాయి తన పుస్తకమున బొమ్మలు గీసికొన్నది. అబ్బాయికి నచ్చినది పెద్ద చైత్యపు చక్రము. బోధిసిరి పుట్టింటివారి పేర్లు వ్రాయించుకొన్న కథను అత్తగారికి మేము చెప్పితిమి. ఆమె చాలసేపు విని, తమ తల్లి పేరును, అవ్వ పేరును, వాకిట వేపచెట్టు నాటిన మేనమామ పేరును చెప్పిరి. పదునాలుగేండ్ల కాపురములో ఆ పేర్లు మేము వినుట అదియే తొలిసారి. అమ్మాయి ఆ పేర్లను కూడ బొమ్మల ప్రక్కన వ్రాసికొన్నది.

తిరుగు ప్రయాణమున బస్సు ఎడమకాలువ ప్రక్కగా కొంతదూరము వచ్చినది. ఆ కాలువకు లాల్ బహదూర్ కాలువ యని పేరు. హుజూర్‌నగర్ ప్రాంతమునకు అదియే అన్నదాత. అది రాకముందు ఈ మెట్టనేలలో జొన్నలు, ఆముదములే యెక్కువ. చెఱువు క్రింద మాత్రము కొలదిపాటి వరి. నేడు కన్నుపాఱినంత మేర నాట్లు, ఊరూర ధాన్యపు మిల్లులు. ఆ నీటి దారిని ఒక్కమారు ఆలోచింపుడు. తుంగభద్ర ఆలంపురము ప్రక్కగా వచ్చి కృష్ణలో గలియును. ఆ నీరు శ్రీశైలమున నిలిచి, అక్కడినుండి సాగరమునకు దిగి, సాగరమునుండి మా కాలువకు వచ్చును. మేము రెండు దేశములని తలచి తర్కించినవి ఒకే నీటి రెండు మజిలీలు. ఆ నీరు మా అత్తగారి పుట్టినయూరి మీదుగా, విజయపురి మీదుగా ప్రవహించి మా యెసటిలోనికి వచ్చుచున్నది. ఈ మాట మేము చెప్పగా ఆమె, “నాకెర్కలేదా బిడ్డా? అందుకనే బతుకమ్మను కాల్వల వదిలేటప్పుడు మా ఊరి దిక్కు మొక్కుత” అనిరి. నలువది యేండ్లనుండి ఆమె మొక్కుచున్న దిక్కేదో మాకు నేటికి తెలిసినది.

ఆనకట్టలు కట్టకూడదని మేమనుట లేదు. కాలువ లేని నాటి కరవులను చూచినవా రెవరు నట్లనరు. కాని తినువారికి, ఆ అన్నమునకై యేది మునిగెనో తెలిసియుండుట ధర్మము. పిల్లలకు ఆ సంగతి పుస్తకమున చెప్పుటకన్న నొక పూట చూపుట మేలు.

పోదలచిన సోదరీమణులకు కొన్ని సూచనలు. కొండపై మ్యూజియమునకు శుక్రవారము సెలవు. ఆ దినము ప్రయాణము పెట్టుకొనకుడు. రెండు రాష్ట్రముల పర్యాటక సంస్థలును సాగరమున లాంచీలు నడుపుచున్నవి. నీటి మట్టమును గాలిని బట్టి వేళలు మారును గనుక, కొండవఱకు పోవునది యేనాడు గలదో ముందుగనే విచారించుకొనవలెను. తెలంగాణ వారి ఉచిత ప్రయాణము రాష్ట్రపు ఎల్లవఱకే. ఆనకట్ట దాటి కుడిగట్టునకు, అనుపునకు పోయినచో ఖర్చు వేఱుగ నుండును. ఆధార్ కార్డు కొంగున గట్టుకొన్నంత భద్రముగ నుంచుకొనుడు. త్రాగునీరు, ఎండకు గొడుగు, పెద్దవారికి చేతికఱ్ఱ మఱువరాదు. తినుబండారములను మూతగట్టి పెట్టుకొనుడు. కోతులు మనకన్న ముందే పండుగ చేసికొనును. సాయంకాలము మిగిలినచో ఎడమగట్టున 2022లో తెఱచిన బుద్ధవనమును చూడవచ్చును. అది 274 ఎకరముల తోట, నడువజాలని వారికిని కూర్చుండుటకు తావులు గలవు.

ఆలంపురము పోవువారు, క్షేత్రదర్శనమే ముఖ్యమైనచో చలికాలమునను పోవచ్చును. గుడులు ఒకదానికొకటి చేరువ గనుక ముసలివారికిని శ్రమ తక్కువ. తెల్లవాఱునప్పుడే నవబ్రహ్మాలయములను చూచి, ఎండ యెక్కులోపల జోగులాంబ దర్శనము చేసికొనవలెను. ఒక్క పూటతో సరిపెట్టుకొని పరుగెత్తుట తగదు.

ఇటలీయా, స్విట్జర్లాండా యని అడుగువారికిని, ఆలంపురమా, నాగార్జునకొండయా యని అడుగువారికిని మా సలహా యొక్కటియే. ఏది యందమైనదని ముందు అడుగకుడు. చూడదగినవి లోకమున నెన్నియైన గలవు. మీ యింట ఎవరు చాలకాలమునుండి యేమి చూడగోరుచున్నారో, నోరు తెఱచి యడుగనివారెవరో, ముందు వారిని కనుగొనుడు. పిదప ఆ తావు ఏ కాలమున తెఱచుకొనునో విచారింపుడు. ఖర్చుల కాగితమును అందఱికన్న కడపట తీయుడు.

వైశాఖమాసమున మా ప్రయాణము ఆలంపురమునకు. మావారు అప్పుడే సెలవు దినములు గుర్తువేసి యుంచిరి. శ్రీశైలపు మట్టము ఎంత దిగెనో చూచుటకు అమ్మాయి ప్రతిదినము పత్రిక తెఱచుచున్నది. అత్తగారు మోకాళ్ళకు నువ్వులనూనె కాచి రాచుకొనుచున్నారు.